ఫిరంగి మీద ఎవరి పేరు?

గోల్కొండ కోటకు దక్షిణాన మూసా బురుజు. దాని మీద ఓ కంచు ఫిరంగి, పేరు అజ్దహా పైకర్. మహాసర్పం లాంటిదని అర్థం. ఒంటి మీద ఫార్సీ అక్షరాల్లో ఔరంగజేబు పేరు, పోతపోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు. కాలం 1674. పెట్ల బురుజు మీది ఫతే రహబర్ 1672 నాటిది, అదీ ఆయన చేతి పనే.

కోట ఎక్కి చూస్తే రాయదుర్గం, గచ్చిబౌలి అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ రాళ్లగుట్టలు సైబరాబాద్ అయ్యాయి. గోల్కొండ దాహం తీర్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. కొత్త నగరానికి అన్నీ మెరుస్తూ ఉండాలి. మరి ఈ ఫిరంగిని కూడా తోమి, కొత్త బండి కట్టి నిలబెట్టాలా? ఉన్నదున్నట్టు కాపాడాలా? తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇదే ప్రశ్న.

మేం కాపాడాలనే అంటాం. కంచు మీద ఏళ్ల తరబడి కట్టిన పచ్చటి పొర మురికి కాదు, లోహం తనకు తాను కప్పుకున్న కవచం. చింతపండుతోనో ఆమ్లంతోనో రుద్దితే పొరతో పాటు అక్షరాల అంచులూ అరుగుతాయి. అరిగిన అక్షరం తిరిగి రాదు. అయితే ఉప్పు చేరిన చోట లేతపచ్చ పొడి రాలుతూ లోహాన్ని తినేస్తుంది. దాన్ని ఆపి తీరాలి. ఆపడం వేరు, మెరిపించడం వేరు. ఇనుప తుపాకీ సంగతీ అంతే. తుప్పును ఆపొచ్చు, కర్ర మీద చెక్కిన పేరును గీకి పాలిష్ పట్టనక్కర్లేదు.

పక్కనే కుతుబ్ షాహీ సమాధులను బాగుచేశారు కదా అనొచ్చు. 2013లో మొదలై 2024లో ముగిసిన ఆ పనిలో సిమెంటు తీసి సున్నం పూశారు. మంచి పనే. సున్నం మళ్లీ పూయొచ్చు. శాసనాన్ని మళ్లీ పోతపోయలేం.

ఆ అక్షరాల మీద మాకెందుకింత పట్టు? ఔరంగజేబు పేరు వినగానే వేలు మా వైపు తిరుగుతుంది గనక. మీ పాదుషాయే కదా అంటారు. 1687లో ఆయన దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది ఎవర్ని? తానీషాని. ఆయనా ముస్లిమే. ఆయన కొలువులో పెత్తనం అక్కన్న మాదన్నలది. ముట్టడికి ముందే ఆ అన్నదమ్ములు హత్యకు గురయ్యారు. కోట తలుపు తెరిచిన అబ్దుల్లా ఖాన్ పన్నీ ముస్లిమే. ఒళ్లంతా గాయాలతో ఆఖరి దాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ ముస్లిమే. మరి ఫిరంగిని మోస్తున్న బురుజు? 1656లో మొగలుల దెబ్బ తిన్నాక, 1666లో మూసా ఖాన్ పర్యవేక్షణలో దాన్ని కట్టినవాడు ధర్మాచారి. ఓడినవాడి బురుజు మీద గెలిచినవాడి ఫిరంగి. ఇందులో మా మతం ఏ పక్షం?

ఆయుధాన్ని చూసి మనిషిని అంచనా కట్టడం ఇక్కడ కొత్త కాదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు కనీసం 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా. రజాకారెవరో, కానివాడెవరో చూడని పగ అది. 1959 నాటి ఆయుధాల చట్టం, 45వ సెక్షన్లో, మరమ్మతు చేసినా పేలని పాత తుపాకీని తన పరిధి నుంచి వదిలేసింది. చట్టం తుపాకీకి ఇచ్చిన పాటి వెసులుబాటు సమాజం మాకివ్వలేదు. మూడు వందల ఏళ్ల నాటి ఫిరంగికి ఇవాళ్టికీ మమ్మల్నే జవాబు అడుగుతారు.

మెరిసే ఫిరంగి ఒక్క మాటే చెబుతుంది: పాదుషా గెలిచాడు. మాసిన ఫిరంగిని దగ్గరకు వెళ్లి చదవాలి. చదివితే చేసినవాడు, కట్టినవాడు, అమ్ముడుపోయినవాడు, అమ్ముడుపోనివాడు అందరూ బయటికొస్తారు. అందుకే నీళ్లు నిలవకుండా చూడండి, లోహం రాలకుండా ఆపండి, మెరుగు మాత్రం పెట్టొద్దు. పక్కన తెలుగులో, ఉర్దూలో ఓ పలక నిలబెట్టండి. దాని మీద ఔరంగజేబుతో పాటు మహమ్మద్ అలీ అరబ్, మూసా ఖాన్, ధర్మాచారి, లారీ, అక్కన్న, మాదన్న పేర్లన్నీ ఉండాలి.