కెమెరా మన చేతికి వచ్చిన దారి

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల తండాల్లో, గూడేల్లో ఇప్పుడు ఫోన్ లేని యువకుడు దాదాపు లేడు. తీజ్ పండుగ వస్తే పది ఫోన్లు లేస్తాయి. నాయకపోడు పెద్దలు లక్ష్మీదేవరను ఎత్తుకున్నా అంతే. తీసింది నిమిషంలో వాట్సాప్‌లోకి పోతుంది, నెలలోపు చెరిగిపోతుంది. ఆ పాట పాడిన అవ్వ పేరేమిటో, ఆ దేవర ముఖాన్ని చెక్కిన చేయి ఎవరిదో అందులో ఉండదు. తీయడం మనకు వచ్చింది. తీసి నిలబెట్టడం ఎవరూ నేర్పలేదు. నేర్పినచోట ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

గోదావరి అవతలి ఒడ్డు నుంచి మొదలుపెడదాం. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితిని తెలుసుకొమ్మని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు వాళ్ళ భాషలో, వాళ్ళవాడే చదువు చెప్పాలన్నది ఆలోచన. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. అదే సమయంలో ఆయన తీసిన ఫొటోలు ఇవాళ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటి విలువను మేము తక్కువ చేయడం లేదు. కానీ బలపం గోండుల చేతికి వచ్చింది, కెమెరా రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా కెమెరా సర్కారుదే. 1948లో ఫిల్మ్స్ డివిజన్, 1960లో పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. అక్కడిదాకా పోయి నేర్చుకునే స్తోమత మన తాతలలో ఎవరికుంది? 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు టీవీ చూపించారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. పల్లె చూసేది, పట్నం తీసేది. 1978 సెప్టెంబర్ 9న జగిత్యాల జైత్రయాత్రకు కూలీలు వేలాదిగా కదిలారు. అక్టోబర్ 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ నడిచినవాళ్ళ చేతుల్లోనూ కెమెరా లేదు. వాళ్ళ కథ పాటలో బతికింది.

ఈ వరస మారిన చోటు జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్. సైట్ ప్రయోగంలో పనిచేసి, దూరదర్శన్‌లో ఏళ్ళతరబడి పల్లెల కార్యక్రమాలు తీసిన పి.వి. సతీష్, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకుల్లో ఒకరు. సర్కారు టీవీలో నేర్చిన పనిని ఆయన తన దగ్గర దాచుకోలేదు. 1990ల చివర్లో దళిత రైతు మహిళలకు వీడియో నేర్పించారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు, చేలో కూలికి పోయేవాళ్ళు. 2001లో వాళ్ళదే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది.

ఆ శిక్షణలో మాకు బాగా నచ్చేది ఒకటుంది. కెమెరా కోణాలకు ఆ అక్కలు ఇంగ్లీషు పేర్లను బట్టీ పట్టలేదు. దొర, జీతగాడు ఒకరినొకరు చూసుకునే తీరు వాళ్ళకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అందుకే ఎత్తుపల్లాల చూపులున్న షాట్లకు ఆ లోకంలోంచే పటేల్ షాట్ లాంటి పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కంటికి సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా! మన తండా అవ్వను నిలబడి పైనుంచి ఫోన్‌లో తీసేటప్పుడు ఈ మాట గుర్తుకు రావాలి.

నేర్పినవాళ్ళు ఒక వర్క్‌షాప్ పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళిపోలేదు. పక్కనే ఉన్నారు, పని వాళ్ళతోనే చేయించారు. 2002లో బీటీ పత్తికి అనుమతి రాగానే ఈ మహిళలు వరంగల్ రైతుల చేలకు వెళ్ళి, పంట పొడవునా తీశారు. 2003లో వచ్చిన ఆ చిత్రం ఇతర దేశాల భాషల్లోకి కూడా వెళ్ళింది. తర్వాత మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా రైతుల దగ్గరికి కూడా కెమెరా పట్టుకుపోయారు. 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో సంఘం రేడియో మొదలైంది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

మన దగ్గర పని మొదలుపెట్టేవాళ్ళకు పస్తాపూర్ పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక్క పెద్దమనిషిని ఎంచుకోండి. ఏడాదిలో నాలుగుసార్లు, విత్తనం నాటి, కోత నాటి, పండుగ నాటి, పని లేని నాటి మాటలు తీయండి. తీసింది ముందు ఆయనకే చూపించండి. వద్దన్న ముక్క తీసేయండి. పేరు, ఊరు, తేదీ ఆయన గొంతుతోనే చెప్పించండి. గోర్‌బోలి మాటకు తెలుగు రాయాలంటే తండాలో ఇద్దరు పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కరు చాలరు, ఒకే మాటకు రెండు తండాల్లో రెండు అర్థాలు వస్తాయి. ఫోన్‌లో ఒకటి, విడిగా హార్డ్ డిస్క్‌లో ఒకటి, రెండు ప్రతులు ఉంచండి. లక్ష్మీదేవర ఎత్తే తాతల్లో చాలామందికి డెబ్బై దాటింది, ఈ వానకాలం నుంచే మొదలుపెట్టండి.