బంగారు రేకులో హైడ్రోజన్ ఎక్కడిది?

మన చెన్నైలో, తరమణిలో, 2019 జనవరిలో ప్రోటాన్లతో కేన్సర్‌కు వైద్యం చేసే ఆసుపత్రి మొదలైంది. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైడ్రోజన్, అంటే ఒక అయాన్. అది శరీరంలో దూసుకెళ్తూ, సరిగ్గా ఆగేచోటే గట్టిగా దెబ్బ కొడుతుంది. ఇది వైద్యానికి పనికొస్తుందని 1946లోనే రాబర్ట్ విల్సన్ రాశాడు. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో రోగులకు వాడటం మొదలుపెట్టారు. కానీ ప్రోటాన్లకు అంత వేగం ఇచ్చే సైక్లోట్రాన్ 200 టన్నులకు పైనే ఉండొచ్చు. ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో పెట్టలేరు కదా!

చిన్న యంత్రంతో ఆ పని అవుతుందా? 1985లో డోనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూ లేజర్ మెరుపును చాలా బలంగా చేసే పద్ధతి కనిపెట్టారు. 2000లో లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు అలాంటి లేజర్‌ను సన్నని రేకుల మీద కొడితే 58 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ప్రోటాన్లు వచ్చాయి. బంగారు రేకు నుంచి కూడా వచ్చాయి! బంగారంలో హైడ్రోజన్ ఎక్కడిది? రేకుకు అంటుకున్న తేమ, నూనె మరకల్లోది. మరి ఏ వైపు మరకలోది? వెనకవైపుదని వాళ్లు, ముందువైపుదని బ్రిటన్‌లోని ఇంకో బృందం.

ఆ మెరుపు సెకనులో లక్ష కోట్లో వంతు కూడా ఉండదు. కంటితో చూసి తేల్చేది కాదు. అందుకే కంప్యూటర్‌లో ఆడించి చూశారు. చుక్కల ముగ్గు ఊహించుకోండి. ప్రతి చుక్క దగ్గర విద్యుత్ బలం ఎంతో లెక్క కడతారు, ఆ బలంతో చుక్కల మధ్య కణాలను కొంచెం జరుపుతారు, మళ్లీ లెక్క కడతారు. ఇలా ఎన్నోసార్లు. 2001లో వచ్చిన లెక్కల్లో వెనకవైపు వాదనకు బలం దొరికింది: లేజర్ దెబ్బకు ఎలక్ట్రాన్లు రేకు దాటి ముందే బయటికి పరుగెత్తుతాయి, అవే వెనకనున్న ప్రోటాన్లను లాగుతాయి. అయితే ముగ్గు చదునుగా వేస్తే, అంటే రెండు కొలతల్లోనే లెక్క కడితే, శక్తి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మూడు కొలతలకు పెద్ద కంప్యూటర్లు కావాలి.

58 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ ఒంట్లోకి దాదాపు 3 సెంటీమీటర్లే వెళ్తుంది. 2024లో జర్మనీలోని డ్రెస్డెన్ వాళ్లు 150 దాకా వెళ్లామని ప్రకటించారు. అంటే 15 సెంటీమీటర్ల పైనే. తరమణి యంత్రం ఇచ్చే 230తో 30 దాటుతుంది. పైగా లేజర్ ప్రోటాన్లు ఒక్కోటి ఒక్కో వేగంతో వస్తాయి, ఒక్కోటి ఒక్కో లోతులో ఆగుతుంది. గడ్డ ఉన్నచోటే అన్నీ ఆగేలా చేయడం ఇంకా మిగిలే ఉంది.