ఫట్‌ఫటి: ఇంజన్లు మార్చుకుంటూ అర్ధశతాబ్దం నడిచిన ఢిల్లీ బండి

ఫట్‌ఫటి ముందు భాగం అమెరికన్ మిలిటరీ మోటారు సైకిలు, వెనక భాగం ఢిల్లీ మిస్త్రీలు కట్టిన బండి. హ్యాండిలు, పెట్రోలు ట్యాంకు, ముందు చక్రం హార్లీ-డేవిడ్‌సన్‌వి గానీ, ఇండియన్ అనే అమెరికన్ కంపెనీవి గానీ అయ్యుండేవి. డ్రైవరు వెనక రెండు చక్రాల ఇరుసు, దాని మీద ప్రయాణికుల బల్లలు, పైన టార్పాలిను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికి పుట్టి, 1998 దాకా చాందినీ చౌక్, ఎర్రకోట, కన్నాట్ ప్లేస్, కరోల్ బాగ్‌ల మధ్య ఆరుగురినో ఎనిమిది మందినో ఎక్కించుకుని తిరిగింది. ఈ బండి చరిత్రను దాని రూపంకన్నా దాని ఇంజనే బాగా చెబుతుంది. రూపం దాదాపు మారలేదు. ఇంజను మాత్రం పూర్తిగా మారిపోయింది.

అమెరికా సైన్యం కోసం హార్లీ-డేవిడ్‌సన్ తయారు చేసిన ప్రధాన మోడలు డబ్ల్యుఎల్ఏ. కెనడా సైన్యానికి ఇచ్చిన డబ్ల్యుఎల్‌సీని కూడా కలిపితే యుద్ధకాలంలో తయారైనవి దాదాపు 90 వేలు. ఒక్క సోవియట్ యూనియన్‌కే వేల సంఖ్యలో వెళ్లాయి. 1941 నుంచి జీపు రావడంతో యుద్ధరంగంలో మోటారు సైకిలు పని తగ్గింది. వార్తలు చేరవేయడం, కాన్వాయ్‌లకు దారి చూపడం, మిలిటరీ పోలీసు గస్తీ మిగిలాయి. చైనా-బర్మా-ఇండియా రంగానికి సంబంధించిన అమెరికన్ కార్యాలయం న్యూఢిల్లీలో ఉండేది. మౌంట్‌బాటన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండ్ కూడా 1943లో ఢిల్లీలోనే మొదలై, ఆ మరుసటి ఏడాది అప్పటి సిలోన్‌లోని క్యాండీకి తరలింది. సైన్యాలు వెళ్లిపోయేటప్పుడు సామగ్రినంతా ఓడల్లో వెనక్కి మోసుకుపోవడం గిట్టుబాటు కాదు. లారీలు, జీపులు, మోటారు సైకిళ్లు మిగులు సరుకుగా ఇక్కడే అమ్ముడయ్యాయి.

ఆ సరుకులో హార్లీ ఇంజనుకు ప్రత్యేకత ఉంది. పరిమాణం 740 సీసీ. 45 డిగ్రీల కోణంలో నిలిచిన రెండు సిలిండర్లు. శక్తి 4,600 ఆర్‌పీఎం దగ్గర సుమారు 23 హార్స్ పవర్. వాల్వులు సిలిండరు తల మీద కాకుండా పక్కన ఉంటాయి కనుక తల భాగం ఒట్టి మూత లాంటిదే. కొన్ని బోల్టులు ఊడదీస్తే మసి గీకడం, వాల్వులు అరగదీయడం చిన్న షెడ్డులో కూడా అయ్యే పని. కంప్రెషన్ నిష్పత్తి 5:1 దగ్గరే ఉంచడం వల్ల నాసిరకం పెట్రోలుతోనూ నడిచేది. దుమ్ము నేలల కోసం నూనె తొట్టి గల ఎయిర్ క్లీనరు బిగించారు. రేడియేటరు లేదు, నీళ్లు లేవు, గాలే చల్లబరుస్తుంది. సైనికుడు యుద్ధరంగంలో విప్పి బిగించుకోగలిగేలా రూపొందిన ఈ ఇంజను, చదువుకున్న ఇంజనీరు దొరకని వీధి షెడ్డుకు కూడా అంతే అనువుగా కుదిరింది. రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్నుకు తగులుకుని ఉండటం వల్ల పేలుళ్లు సమానమైన ఎడంతో రావు. ఒక దాని తర్వాత 315 డిగ్రీలకు, మరో దాని తర్వాత 405 డిగ్రీలకు వస్తాయి. బండికి పేరు తెచ్చిన ఆ తడబడే చప్పుడుకు కారణం ఇదే.

1947 దేశ విభజన ఢిల్లీకి దాదాపు 5 లక్షల మంది కాందిశీకులను తెచ్చింది. నగరం రాత్రికి రాత్రి పెరిగింది. అప్పటికి ఉన్నవి టాంగాలు, ట్రాములు, గ్వాలియర్ అండ్ నార్తర్న్ ఇండియా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నడిపే బస్సులు. ఆ బస్సులను 1948 మేలో కేంద్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అయినా ఉన్నవి చాలలేదు. పశ్చిమ పంజాబు నుంచి ఉన్నదంతా వదులుకుని వచ్చిన సిక్కు కుటుంబాలకు తక్షణం కావలసింది జీవనోపాధి. మిగులు మోటారు సైకిలు కొని వెనక చక్రం తీసేసి, ఇరుసు బిగించి, చెక్కతోనూ రేకుతోనూ బండి కట్టడం వాళ్లలో చాలామందికి ఆ దారి చూపింది. కొత్త బతుకు కట్టుకోవాల్సిన మనుషులు చేసిన ఈ ఇంజనీరింగుకు దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

మూడు చక్రాల ఆలోచన హార్లీకి కొత్త కాదు. ఆ కంపెనీయే 1932 నుంచి 1973 దాకా సర్వీ-కార్ అనే మూడు చక్రాల బండిని ఇదే రకం 45 క్యూబిక్ అంగుళాల ఇంజనుతో తయారు చేసింది. అమెరికాలో పోలీసులు, గ్యారేజీ వాళ్లు వాడేవారు. అందులో ఇంజను నుంచి గొలుసు వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు వెళ్తుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి కనుక డిఫరెన్షియల్ తప్పనిసరి. ఢిల్లీ బండి బరువు మాత్రం సర్వీ-కార్ మోసే బరువు కన్నా చాలా ఎక్కువ. ఒక్కరిద్దరిని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తీసుకుపోవడానికి తగిన గేర్లు, ఎనిమిది మందిని గంటకు 30 కిలోమీటర్లతో లాగడానికి పనికిరావు. ఇంజను వైపు పళ్ల చక్రం చిన్నదిగానో, ఇరుసు వైపుది పెద్దదిగానో మార్చాలి. అప్పుడు వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది.

గాలితో చల్లబడే ఇంజనుకు మెల్లగా నడవడమే కష్టం. గాలి తగలదు, బరువు తగ్గదు. ముందు సిలిండరు చాటున ఉన్న వెనక సిలిండరు మరింత వేడెక్కుతుంది. మే నెల ఢిల్లీ ఎండలో, చాందినీ చౌక్ రద్దీలో ఈ ఇంజన్లు పడిన శ్రమ మిల్వాకీలోని హార్లీ కార్ఖానా ఊహకు అందనిది. పైగా విడిభాగాలు కరువు. ఇండియన్ కంపెనీ 1953లో మోటారు సైకిళ్ల తయారీ ఆపేసింది. 1956-57 విదేశీ మారకద్రవ్య సంక్షోభం తర్వాత దిగుమతుల మీద కట్టుబాట్లు బిగిశాయి. పిస్టను రింగులు, వాల్వులు, బుష్‌లు స్థానికంగా లేతు మీద తయారు చేయించుకోవాల్సి వచ్చింది. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర ఎగిసింది. పన్నుల విధానం వల్ల డీజిలు చౌకగా ఉండేది. అప్పటికి దేశమంతా పొలాల్లో పనిచేస్తున్న, డీజిలుతో నడిచే ఆయిలింజను నగరం బండికి గుండె కావడానికి పరిస్థితులన్నీ కలిసొచ్చాయి.

యుద్ధంలో మిగిలిన ఇంజనును వేరే పనికి మలచడం ఢిల్లీతో మొదలు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం అమెరికా తయారు చేసిన లిబర్టీ విమాన ఇంజను 12 సిలిండర్లది, 27 లీటర్లది, 400 హార్స్ పవర్ ఇచ్చేది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన వాటిని డెట్రాయిట్‌కు చెందిన గార్ వుడ్ పందెపు పడవల్లో బిగించాడు. రెండు లిబర్టీలతో నడిచిన అతని మిస్ అమెరికా 1920లో ఇంగ్లండులో హార్మ్స్‌వర్త్ ట్రోఫీ గెలిచింది. రెండో యుద్ధం తర్వాత అల్లిసన్, రోల్స్-రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లు అదే దారి పట్టాయి. సియాటిల్ పడవ స్లో-మో-షన్ 4 ఒక అల్లిసన్ ఇంజనుతో 1950 జూన్‌లో గంటకు 160 మైళ్లు దాటి రికార్డు నెలకొల్పింది. గాలిలో పెద్ద ప్రొపెల్లరు నిదానంగా తిరిగితే చాలు. నీటి ఉపరితలాన్ని చీల్చే చిన్న ప్రొపెల్లరు అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరగాలి. అందుకే ఇంజనుకూ షాఫ్టుకూ మధ్య వేగం పెంచే గేరుబాక్సు పెట్టారు. ఇంజనును ఎంచడం సగం పనే. దాని వేగాన్ని పనికి కావలసిన వేగంతో కలపడం మిగతా సగం.

నేటి పందెపు పడవలకూ ఇదే వర్తిస్తుంది. 2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ దగ్గర కృష్ణా నదిలో జరిగిన ఎఫ్1హెచ్2ఓ పోటీలో తెలుగువాళ్లు చూసిన పడవల వెనక ఉన్నవి 2.5 లీటర్ల టూ స్ట్రోక్ మెర్క్యురీ వీ6 ఇంజన్లు. అవి 10 వేల ఆర్‌పీఎం దగ్గర సుమారు 400 హార్స్ పవర్ ఇస్తాయి. అలాంటి పడవకు బరువైన మరో ఇంజను బిగిస్తే వెనక భాగం కుంగి, ముక్కు లేస్తుంది. ఇంజను ఎత్తు, పడవ గురుత్వ కేంద్రం, ప్రొపెల్లరు పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు సాగాల్సిన దూరం) అన్నీ తిరిగి లెక్క చూడాలి. మామూలు అవుట్‌బోర్డ్ పడవల్లో పిచ్ ఒక్క అంగుళం పెంచితే ఇంజను వేగం సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుంది. పిచ్ మరీ ఎక్కువైతే ఇంజను తన పూర్తి శక్తి దగ్గరికే చేరదు. తక్కువైతే హద్దు మీరి తిరిగి దెబ్బతింటుంది. ఫట్‌ఫటిలో పళ్ల చక్రాలు చేసే పనే నీటిలో పిచ్ చేస్తుంది.

ఆయిలింజను రోడ్డెక్కినప్పుడు మిస్త్రీల ముందుకొచ్చిన చిక్కు కూడా ఇదే. పంపుసెట్టు ఇంజను ఒకే వేగంతో గంటల తరబడి తిరగడానికి తయారైంది. 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ దేశంలో ఇలాంటి ఇంజన్లను విస్తారంగా తయారు చేసింది. 1,500 ఆర్‌పీఎం దగ్గర 5 హార్స్ పవర్ ఇచ్చే ఒంటి సిలిండరు రకం పొలాల్లో బాగా కనిపించేది. హార్లీ 4,600 చుట్లు తిరిగే చోట ఇది 1,500 మాత్రమే తిరుగుతుంది. పాత పళ్ల చక్రాలే ఉంచితే బండి వేగం మూడో వంతుకు పడిపోతుంది. వేగం కోసం ఆ పళ్ల చక్రాలు మారిస్తే, ఉన్న కొద్దిపాటి శక్తి ఎక్కుడు దారిలో చాలదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో కాగితం మీద లెక్క వేసినవాళ్లు తక్కువే. బండి నింపి నడిపి చూసి, మళ్లీ మార్చి తేల్చుకున్నారు.

చిక్కులు అక్కడితో ఆగవు. ఆయిలింజనులోని గవర్నరు వేగాన్ని ఒకేచోట నిలబెడుతుంది. రోడ్డు మీద వేగం మారుస్తూ ఉండాలి కనుక గవర్నరు స్ప్రింగు బిగువును కేబులుతోనో లీవరుతోనో మార్చే ఏర్పాటు కావాలి. పొలంలో పంపు తోడిన నీళ్లలో కొంత ఇంజను చుట్టూ తిరిగి దాన్ని చల్లబరుస్తుంది. రోడ్డు మీద బావి లేదు, కాబట్టి గాలితో చల్లబడే రకం వెతకాలి, లేదా నీళ్ల డబ్బా మోయాలి. పోత ఇనుముతో చేసిన ఈ ఇంజన్లు బరువైనవి. 1,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు పన్నెండున్నర పేలుళ్లు మాత్రమే జరుగుతాయి కనుక కుదుపు కూడా ఎక్కువ. మోటారు సైకిలు గొట్టాల ఫ్రేము ఆ కుదుపుకు చీలిపోతుంది. అందుకని ఇంజను కింద ఇనుప ఛానళ్లు వెల్డింగ్ చేసి, రబ్బరు దిమ్మలు పెట్టి నిలబెట్టాలి. అలా ఒక్క ఇంజను మార్పుతో ఫ్రేము, గొలుసు, కంట్రోళ్లు అన్నీ మారిపోయాయి. కొత్తగా చూసేవాడికి మాత్రం అది ఇంకా హార్లీగానే కనిపించేది.

ఢిల్లీ చుట్టుపక్కల హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఇదే ఇంజను మరో బండిని పుట్టించింది. చెక్క బండికి ఆయిలింజను బిగించి, పాత జీపు గేరుబాక్సు, స్టీరింగు తగిలించి తయారు చేసిన దాన్ని కొన్నిచోట్ల జుగాడ్ అనీ, కొన్నిచోట్ల పీటర్ రేడా అనీ అంటారు. ఆ పీటర్ మనిషి కాదు, ఇంగ్లండులోని యోవిల్‌లో పుట్టిన పెట్టర్ కంపెనీ ఇంజను. రిజిస్ట్రేషను, బీమా, బ్రేకుల పరీక్ష లేని ఈ బళ్ల వల్ల ప్రమాదాలకు గురైనవాళ్లకు పరిహారం దొరికేది కాదు. జుగాడ్ కూడా మోటారు వాహనమేననీ, చట్టానికి లోబడాల్సిందేననీ సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. ఆ తీర్పు న్యాయమైనది. బండి కట్టినవాడి నేర్పు ఎంతటిదైనా, దాని కింద పడ్డ మనిషికి దిక్కుండాలి.

ఫట్‌ఫటికి ముగింపు గాలి నుంచి వచ్చింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వాయు కాలుష్యంపై 1985లో వేసిన పిటిషను మీద సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీ రవాణా రూపాన్నే మార్చేశాయి. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు అదే ఏడాది అక్టోబరు 2 నుంచి తిరగకూడదన్నారు. 2001 మార్చి 31 నాటికి సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలన్నారు. అర్ధశతాబ్దం నాటి ఫ్రేము, పొగ కక్కే పంపుసెట్టు ఇంజను ఏ విధంగానూ ఆ గీతకు లోపల నిలవవు. పాత దారుల్లో ఫట్‌ఫట్ సేవా పేరుతో నాలుగు చక్రాల బళ్లు వచ్చాయి. పేరు నిలిచింది, చప్పుడు పోయింది.

ఆ తర్వాత ఢిల్లీలో ఇంజను మార్పు చట్టం చేతిలోకి వెళ్లింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. జాతీయ రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిలు బళ్లనూ, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్లనూ తిప్పకూడదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం పాత డీజిలు బళ్లకు ఎలక్ట్రిక్ కిట్ బిగించుకునే దారి తెరిచింది. ఇంజను తీసి మోటారు, బ్యాటరీ పెట్టినప్పుడు కూడా పాత ప్రశ్నలే ఎదురవుతాయి: బరువు ఏ ఇరుసు మీద పడుతుంది, మోటారు వేగం చక్రానికి ఎలా అందుతుంది, బ్రేకులు ఆ బరువును ఆపగలవా. వీటికి జవాబు ఇప్పుడు షెడ్డులో దొరకదు. మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థ ఒక్కో మోడలుకు కిట్‌ను విడిగా పరీక్షించి ధ్రువీకరించాలి. ఆమోదం ఉన్న కేంద్రంలోనే దాన్ని బిగించాలి.