ధాత కరువూ, కాలవ గట్టూ

మనకి సంవత్సరాలు అరవై ఉన్నాయి. ప్రభవ, విభవ అంటూ వరసగా అప్పజెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు తక్కువే. వెనకటి తరంవాళ్ళు మాత్రం ఈ అరవైలో కొన్నింటిని పంచాంగం విప్పకుండానే చెప్పేవారు. అవి పంటలు బాగా పండిన ఏళ్ళు అనుకునేరు! పండినది తిని మరిచిపోతాం. మాడిపోయిన ఏడే తరతరాలకీ గుర్తుంటుంది. నందన అంటే 1832-33. గుంటూరు సీమని ఊడ్చిపెట్టిన కరువు అది. దానికే డొక్కల కరువని ఇంకో పేరు. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళకి ధాత వచ్చింది. 1876లో మొదలై 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాల్లోనూ లక్షల ప్రాణాలు తీసింది. ఇప్పటికీ అన్నం మీద ఎగబడే కుర్రాణ్ణి చూసి, "కరువులోంచి లేచొచ్చావుట్రా?" అంటాం. ఆ మాట వెనక ఎన్ని చావులున్నాయో మనకి తెలియదు.

కరువు గురించి రాసిన పుస్తకాల్లో వానల లెక్కలుంటాయి, ధరల లెక్కలుంటాయి, చావుల లెక్కలుంటాయి. అవన్నీ కావలసినవే. కానీ నాకెప్పుడూ ఒక సందేహం. కడుపులో ఏమీ లేనప్పుడు, పక్కవాడు నిన్న పోయి రేపు తన వంతు అని తెలిసినప్పుడు, మనిషి దేన్ని పట్టుకుని తెల్లవారి లేచి నిలబడతాడు? దీనికి లెక్కల పుస్తకం జవాబు చెప్పదు. ఒంగోలు ప్రాంతంలో, బకింగ్‌హాం కాలవ గట్టు మీద, ఈ ప్రశ్నకి ఒక జవాబు దొరుకుతుంది. అది క్రైస్తవుల కథే. అయినా ఏ మతంవాళ్ళయినా వినదగిన కథ.

ఇప్పుడంటే ఒంగోలు ప్రకాశం జిల్లాకి ముఖ్యపట్టణం గానీ, ఆ రోజుల్లో అది నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా ఊరు. చుట్టుపక్కల పల్లెలన్నిటా ఊరికి ఎడంగా మాదిగపల్లె ఉండేది. చెప్పులు కుట్టడం, కపిల బానకి తోలు కట్టడం, ఊళ్ళో వెట్టి చెయ్యడం వాళ్ళ పని. దానికి బదులు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇంత అని మేర ఇచ్చేవారు. బాగా ఆలోచించి చూడండి. పంట పండకపోతే కళ్ళం లేదు. కళ్ళం లేకపోతే మేర లేదు. బావి ఎండితే కపిలకి తోలు అక్కర్లేదు. సొంత పొలం లేదు, గాదె లేదు, తాకట్టు పెట్టడానికి కాసు బంగారం లేదు. కరువు ఊళ్ళోకి రావాలంటే ముందు వాళ్ళ గుడిసెల మీదుగానే రావాలి. వచ్చింది కూడా అల్లాగే.

సరే, క్రైస్తవం అక్కడికెల్లా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. అమెరికా బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో మకాం పెట్టింది. పదమూడేళ్ళు తిరిగినా వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది కూడా చేరలేదు. ఇంత ఖర్చు దండగ, మూసేద్దామా అని 1853లో అక్కడి పెద్దలు సభ చేసి మరీ తర్జనభర్జన పడ్డారు. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికొక బోధకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. అందుకే దాన్ని ప్రార్థన కొండ అంటారు. అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొర భార్యతో సహా వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టాడు.

అయితే దొర రాకముందే దారి వేసినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకి దరిదాపు 40 మైళ్ళ దూరంలో ఉన్న తాళ్ళకొండపాడు ఆయన ఊరు. తోళ్ళ వర్తకం చేసేవాడు. అంతకుముందే గురువుల దగ్గర రాజయోగం ఉపదేశం పొంది, సాధన చేసినవాడు. వర్తకానికని ఉత్తరాదికి పోయి, ఏలూరు ప్రాంతంలో క్రీస్తు బోధ విని, ఇదేదో తాను వెతుకుతున్నదే అనుకుని తిరిగొచ్చాడు. ఆయనా, ఆయన భార్య నాగమ్మా 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ పైన పేరయ్య తన చుట్టాల పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. ఆ పల్లెల్లో మాట పాకింది దొర ఇంగ్లీషు యాస వల్ల కాదు, పేరయ్య కాళ్ళ వల్ల.

ఇంకో సంగతి. క్లౌ దొర వచ్చిన కొత్తలో అగ్రవర్ణాల పిల్లలు ఆయన బడికి వచ్చేవారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చెయ్యాలో తోచక దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే పుట తగిలిందట. లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడన్న పౌలు మాట అది. ఇద్దరూ దాన్నే ఆజ్ఞగా తీసుకున్నారు. పెద్ద కులాల పిల్లలు వెళ్ళిపోయారు. పల్లెలవాళ్ళు మిగిలారు.

అక్కడికి పదేళ్ళకి ధాత వచ్చి పడింది.

1876లో వానలు మొహం చాటేశాయి. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. పెట్టింది గానీ, 1877 మొదట్లో టెంపుల్ దొర అనే పెద్ద అధికారి వచ్చి, ఖర్చు తగ్గించాలని కూలి కోశాడు. మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే మన లెక్కలో అర కిలో కూడా కాదు. అది తిని రోజంతా మట్టి మొయ్యాలి! మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే కార్నిష్ డాక్టరు, ఇది మనుషుల్ని చంపే కూలి అని గట్టిగా పోట్లాడాడు. తర్వాత పెంచారనుకోండి. ఆలోగా పోయినవాళ్ళు పోయారు.

ఆ కరువు పనుల్లో ఒకటి బకింగ్‌హాం కాలవ. మద్రాసు దగ్గర 1806లోనే మొదలైన ఉప్పునీటి కాలవని సముద్రపు ఒడ్డు వెంబడే ఉత్తరానికి పొడిగించి, కృష్ణ కాలవలతో కలపాలని తలపెట్టారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు గనక ఆయన పేరు పెట్టారు. క్లౌ దొర బోధకుడు కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసే ఉద్యోగం చేసినవాడు. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకం తానే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మా పల్లెలవాళ్ళు తిట్లూ దెబ్బలూ తినకుండా, మనుషుల్లాగా పని చేసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోనీ అని ఆయన ఆలోచన. తాటాకు పాకలు వేశారు. బావులు తవ్వారు. వేల జనం వచ్చిపడ్డారు. నడవలేక దారిలో ఒరిగిపోయినవాళ్ళూ ఉన్నారు.

గునపాలు, పారలు, గంపలు. మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళు మట్టి మోసి గట్టు మీద పోసేవారు. మేస్త్రీలు ఎవరనుకున్నారు? పల్లెల్లో తిరిగే బోధకులే. ఇక్కడే నాకు ఈ కథలో జీవం కనిపిస్తుంది. అంతవరకూ మేస్త్రీ అంటే కర్ర పట్టుకున్నవాడు. ఈ మేస్త్రీ చేతిలో పుస్తకం ఉంది. పని మధ్య కాస్త ఊపిరి తీసుకునేటప్పుడు ఆయన జనం మధ్య కూర్చునేవాడు. "మన గతేమిటి?" అని వాళ్ళడిగితే పుస్తకం విప్పేవాడు. ఎక్కువగా చదివి వినిపించింది మత్తయి సువార్తలోని ఒక్క మాట. బరువులు మోసి డస్సిపోయినవాళ్ళంతా తన దగ్గరికి రండని క్రీస్తు పిలిచిన మాట.

ఆ మాటని మనం గోడమీద కాలెండరులో చూస్తే సరే, బాగుందని తలూపుతాం. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద మట్టిగంప ఉన్న మనిషి చెవిలో పడితే ఎలా ఉంటుందో ఊహించండి! ఎవరో తన సంగతే ఎరిగి పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. మళ్ళీ చదవమని అడిగేవారట. సాయంత్రం పాకల ముందు కూర్చుని, తమ పల్లెలకి తిరిగి వెళ్ళాక కూడా, దాన్నే చెప్పుకునేవారట.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. రాకపోతే నేనే తెస్తాను. ఆకలి మీదున్నవాడికి పని ఇచ్చి, దాంతోపాటు మతం చెబితే, వాడు చేరేది క్రీస్తు కోసమా, గింజల కోసమా? ఈ ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. తప్పు ప్రశ్న కాదు. అసలు అందరికంటే ముందు అడిగినవాడు క్లౌ దొరే. జనం బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా వస్తుంటే, సహాయం చేతుల్లో ఉన్నంతకాలం ఇవ్వనని సుమారు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు.

1878 నడిమికి కరువు పట్టు సడలింది. పంచడానికి తెచ్చిన డబ్బూ ఆఖరికొచ్చింది. ఒంగోలుకి ఉత్తరంగా పదిమైళ్ళలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది. అక్కడ జనం పోగయ్యారు. ఇక నా దగ్గర ఇచ్చేదేమీ లేదు, ఇళ్ళకి వెళ్ళండన్నాడు దొర. వాళ్ళు కదల్లేదు. చేతులు చాపి కాలవ పనిలో లేచిన బొబ్బలు చూపించారు. మాకు మీ సాయం అక్కర్లేదు, మా కష్టం మేం చేసుకుంటాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారు. కాళ్ళ కింద భూమి లేనివాళ్ళు అన్న మాటలివి.

జులై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో దిగి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరి తర్వాత ఇద్దరుగా వంతులు మార్చుకున్నారు. దొర గట్టు మీద ఉండి చూసుకున్నాడంతే. ఒక్కొక్కరి పేరూ చదవడం, ఆ మనిషి ఏట్లోకి దిగడం. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. "ఒరే", "ఓసే" తప్ప ఇంకో పిలుపెరగనివాళ్ళ పేర్లు ఆ రోజు వేలమంది ముందు పైకి చదివారు. ఆ సంవత్సరాంతానికి చేరినవాళ్ళు 9,606 మంది.

అందరి మనసులోనూ ఒకే కారణం ఉండదు, ఉండనక్కర్లేదు. తోటి చుట్టాలు చేరారని చేరినవాడుంటాడు. దొర అండ ఉంటే కరణం జోలికి రాడనుకున్నవాడుంటాడు. పిల్లాడికి నాలుగక్షరాలొస్తాయని ఆశపడ్డ తల్లి ఉంటుంది. ఆ ఆశని నేను తక్కువ చెయ్యలేను. కానీ గింజల కోసమే అయితే గింజలు అయిపోయాక ఎందుకొస్తారు? పైగా చేరడం వల్ల పల్లెల్లో కష్టం పెరిగిందే గానీ తగ్గలేదు. ఆదివారం పని మానుతామన్నా, జాతరకి డప్పు కొట్టమన్నా, ఊరి పెద్దలు ఊరుకోలేదు. అయినా నిలబడ్డారు.

ఈ విశ్వాసం వానలు కురిపించలేదు. పోయిన బిడ్డల్ని తిరిగివ్వలేదు. పేరయ్యలాంటివాళ్ళు అల్లా జరుగుతుందని చెప్పనూ లేదు. నాకు తోచిందేమిటంటే, వాళ్ళకి అది రెండు ఇచ్చింది. ఒకటి, ఈ బాధ నీ పాపానికి శిక్ష కాదు, నీ బాధ తెలిసినవాడొకడు నీ పక్కనున్నాడన్న నమ్మకం. రెండు, ఆ నమ్మకాన్ని సాయంత్రం పాక ముందు నలుగురితో కలిసి చెప్పుకునే చోటు. కరువు ముందు చేసే పని మనిషిని మనిషి నుంచి విడదియ్యడం. తల్లి దగ్గర బిడ్డకి పెట్టేది లేకుండా చెయ్యడం. ఆ విడదీతకి అడ్డంపడింది ఆ గట్టు మీది గుంపు. బలమంటే అక్కడ అదే.

కాలవ ఇంకా ఉంది. దానిమీద వడ్లూ ఉప్పూ వేసుకుని మద్రాసుకి పడవలు నడిచిన రోజులు పోయాయి. చాలాచోట్ల పూడిపోయింది కూడాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మాత్రం, పొంగిన నీళ్ళని తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్ళకి మేలు చేసిందని నిపుణులు రాశారు. డ్యూకుగారి పేరు కాలవకి ఉండిపోయింది. తవ్వినవాళ్ళలో వేలమంది పేర్లు, ఒక జులైనెల పొద్దున గుండ్లకమ్మ ఒడ్డున ఒకరి తర్వాత ఒకరివిగా చదివారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఈనాడు ఒంగోలు సీమ అంతటా ఉన్నారు. ధాత కరువు అంటే వాళ్ళకి చావు కబురు మాత్రమే కాదు, తమ వాళ్ళు తలెత్తి నడవడం మొదలుపెట్టిన సంవత్సరం కూడా.