కంప్యూటరు బొమ్మ టెలివిజనులోనికి వచ్చిన చరిత్ర

పెద్దదోర్నాల నల్లమల కొండల అంచున, శ్రీశైలమునకు ఘాటు దారి ఎక్కుచోట ఉన్నది. టెలివిజను ప్రసార తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. కొండ అడ్డు వచ్చినచో వెనుకనున్న పల్లెకు బొమ్మ సరిగా అందదు. ఇట్టి చోట ఉపగ్రహమునుండి బొమ్మను అందుకొనుట ఒక ఉపాయము. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలలో ఈ ప్రయోగము జరిగినది. కోళ్లగూటి వలవంటి తీగవలతో చేసిన మూడు మీటర్ల పళ్లెము ఉపగ్రహ తరంగమును పట్టగా, ప్రక్కనున్న చిన్న పెట్టె దానిని టెలివిజనుకు తెలియు రూపములోనికి మార్చెడిది.

రెండవ ఉపాయము, బొమ్మను ఫైలుగా చేసి జేబులో తెచ్చుకొనుట. ఇందులోనే చిక్కులెక్కువ. ఉపాధ్యాయుడు పాఠమును పెన్ డ్రైవులో తెచ్చి తరగతిలోని టెలివిజనుకు తగిలించును. మాట వినిపించును, బొమ్మ కనిపించదు. పిల్లలు ఎదురు చూచుచుందురు. టెలివిజను చెడలేదు, దానికి దుబాసీ కరవైనాడు.

పాత టెలివిజనుకు తెలిసిన భాష విద్యుత్తరంగము. మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్కటి 625 గీతలుగా, ఎడతెగని అలవలె దానికి అందవలెను. కంప్యూటరు ఫైలులో ఉన్నవి అంకెలు, అవియు కుదించి మూటగట్టినవి. మూట విప్పి అంకెలను అలగా మార్చువాడే ఈ దుబాసీ. అతడు ఏ కాలమున ఎక్కడ కూర్చుండెననునదే ఈ చరిత్ర అంతయు.

కుదించుట ఎందుకు? చిన్న లెక్క చూడుడు. అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలుగల బొమ్మలో మొత్తము 1,01,376 చుక్కలు. చుక్కకు సగటున 12 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు అనుకొన్నచో సెకనుకు సుమారు 3 కోట్ల 4 లక్షల బిట్లు కావలెను. ఈ లెక్కన ఒక సీడీలో పట్టునది మూడు నిమిషముల బొమ్మ. సినిమాలో ఒక పాట కూడ ముగియదు!

దారి చూపినది గణితము. బెంగుళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహ్మద్, కొసైను తరంగములతో బొమ్మను కుదించు పద్ధతిని పరిశోధించుటకు 1972లో అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయము కోరెను. సహాయము దొరకలేదు, ఆలోచన మరీ సులభముగా ఉన్నదని ఒక పరీక్షకుడు భావించెనట. మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన కామిశెట్టి రామమోహనరావు, మరియు టి. నటరాజన్‌లతో కలిసి అహ్మద్ 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రకటించెను. బొమ్మను 8 చుక్కలు వెడల్పు, 8 చుక్కలు ఎత్తుగల గడులుగా కోసి, చుక్కల వెలుగునకు బదులు ఏ కొసైను తరంగము ఎంత పాలున్నదో వ్రాసికొందురు. కన్ను పట్టలేని సన్నని తరంగములను విడిచిపెట్టినను తేడా తెలియదు. ఒక బొమ్మకు తరువాతి బొమ్మకు మారిన భాగమును మాత్రమే వ్రాయుట దీనికి తోడైనది.

ఈ రెంటి ఫలితమే 1993లో వచ్చిన వీడియో సీడీ. అదే బొమ్మ సెకనుకు 11 లక్షల 50 వేల బిట్లలో ఇమిడి, ఒక బిళ్లలో 74 నిమిషములు పట్టెను. అందుకే తెలుగు సినిమా రెండు మూడు బిళ్లలుగా వచ్చెడిది. దుబాసీ ప్లేయరు పెట్టెలో కూర్చుండెను; అక్కడినుండి పసుపు తీగ బొమ్మను, తెలుపు, ఎరుపు తీగలు ధ్వనిని మోసెడివి. కంప్యూటరునే టెలివిజనుకు కలిపినవారును కలరు గాని, అక్షరములు వణకెడివి, అంచులు తెగిపోయెడివి.

2002 చివర వచ్చిన హెచ్‌డీఎంఐ తీగలో అంకెలు అంకెలుగానే పోవును. అలగా మార్చు పని తప్పినది. మూట విప్పు పని మాత్రము తప్పలేదు. నేడు ఆ పనిచేయు చిప్పు టెలివిజనులోనే ఉండును. అయితే అది తయారైన నాటికి తనకు నేర్పిన పద్ధతులే దానికి తెలియును. 2003 నాటి హెచ్ 264 పద్ధతి తెలిసిన టెలివిజనుకు 2013 నాటి హెచ్ 265 పద్ధతి తెలియకపోవచ్చును. ధ్వనిని మూటగట్టిన పద్ధతి పాతదే కనుక మాట వినిపించును. ఫైలు పేరు చివరనుండు ‘ఎంపీ4’ అనునది సంచి పేరే. లోపలి సరకు ఏ పద్ధతిదో అది చెప్పదు.

ఇట్టి ఫైలును కంప్యూటరులోనే విప్పి హెచ్‌డీఎంఐ తీగతో టెలివిజనుకు పంపవచ్చును. లేదా ముందుగా హెచ్ 264 లోనికి మార్చి పెన్ డ్రైవులో వేసికొనవచ్చును. పెన్ డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్నచో 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. పాత కంప్యూటరులో ఈ మార్పునకు గంటలు పట్టును కనుక, పాఠమునకు ముందటి రాత్రియే ఆ పని మొదలు పెట్టవలెను.