సర్పగంధ – గర్భిణుల రక్తపుపోటు

తూర్పు కనుమల అడవులలో సర్పగంధ యను చిన్న మొక్క పెరుగును. దీని వేరును మన పూర్వులు పాముకాటునకు, ఉన్మాదమునకు మందుగా వాడెడివారు. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు అను వైద్యులు ఈ వేరు రక్తపుపోటును తగ్గించునని వెల్లడించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితములను ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రచురించగా ప్రపంచ మంతయు దీనివైపు చూచెను. 1952లో స్విట్జర్లండు రసాయనజ్ఞులు ఈ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి.

అయితే ఈ మందు గర్భిణులకు తగునా? ఈ ప్రశ్నకు జవాబు తెలియవలెనన్న మరొక చరిత్రను చూడవలెను.

నిండు గర్భిణికి హఠాత్తుగా వచ్చు మూర్ఛలను మనవారు గుర్రపువాతమందురు. 1843లో లండనులో జాన్ లీవర్ అను వైద్యుడు అట్టి స్త్రీల మూత్రములో ఆల్బ్యుమిన్ ఉన్నట్లు కనుగొనెను. 1896లో ఇటలీ దేశస్థుడు రీవా రోచీ చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటును కొలుచు సాధనమును నిర్మించెను. 1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ స్టెతస్కోపుతో నాడి చప్పుడు వినుచు కొలుచు పద్ధతిని చూపెను. అప్పటినుండి మూర్ఛకు ముందే పోటు పెరుగుటను గుర్తించుట సాధ్యమైనది.

ఇక మధుమేహము సంగతి. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనబడక పూర్వము మధుమేహముగల స్త్రీ గర్భము ధరించుట అరుదు, ధరించినను ప్రాణభయమే. 1936లో హిమ్స్‌వర్త్ అను ఆంగ్ల వైద్యుడు ఈ వ్యాధి రెండు విధములని చూపెను. ఒకదానిలో ఇన్సులిన్ లోపించును. రెండవదానిలో ఇన్సులిన్ ఉన్నను శరీరము దానికి సరిగా లోబడదు. ఈ రెండవ రకము నేడు చిన్న వయస్సులోనే కానవచ్చుచున్నందున, గర్భిణులలోను కనబడుచున్నది.

మధుమేహము రక్తనాళముల లోపలి పొరను దెబ్బతీయును. గర్భములో మాయకు రక్తము తెచ్చు నాళములు బాగుగా వెడల్పు కావలెను. అట్లు కానిచో మాయనుండి కొన్ని పదార్థములు తల్లి రక్తములో చేరి నాళములను ముడుచుకొనునట్లు చేయును. అందువలన పోటు పెరుగును. మూత్రములో మాంసకృత్తు కనబడును. ఇరువదవ వారము దాటిన పిదప పోటు 140/90 లేక అంతకు మించినచో జాగ్రత్తపడవలెను. మధుమేహము గలవారికి ఈ ముప్పు ఇతరులకంటె రెండు మొదలు నాలుగు రెట్లు అధికము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. రిసర్పిన్ మాయను దాటి బిడ్డను చేరును. పుట్టిన శిశువునకు ముక్కు దిబ్బడ, మత్తు కలుగును. కనుక గర్భిణులకు దానిని వాడరు. మిథైల్‌డోపా, లాబెటలాల్, నిఫెడిపిన్ అనునవి నేటి మందులు. ముప్పు గలవారికి మూడవ నెల చివరినుండి స్వల్పమాత్రలో ఆస్పిరిన్‌ను వైద్యులు ఇత్తురు. మెగ్నీషియం సల్ఫేటు మూర్ఛల భయమును సగమునకు పైగా తగ్గించునని 33 దేశములలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి, 2002లో వెలువడిన పరిశోధన నిరూపించినది.

అరకులోయనుండి విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రి నూరు కిలోమీటర్లకు పైగా దూరము. బాటలేని గూడెములనుండి గర్భిణిని డోలీలో మోసికొని రావలసియుండును. మూర్ఛ వచ్చిన పిమ్మట ఆ కొండదారి మిక్కిలి పొడవైనది. తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము ఉబ్బుట కనబడినపుడు ఉపేక్షింపరాదు. ఏ బాధయు లేకున్నను పోటు పెరిగియుండవచ్చును గనుక ప్రతి పరీక్షలోను పట్టీ చుట్టి చూడవలసినదే. అడవి వేరు లోకమునకు ఒక మందు నిచ్చినది. ఆ అడవిలోని తల్లికి మొదట కావలసినది సకాలములో పోటును కొలిచెడి చేయి.