చెదలు, తుపాను, మరుపు: డార్విన్ నేర్పిన పాఠం

నేను నివసించే డార్విన్ నగరం రెండుసార్లు పెను విధ్వంసాన్ని చవిచూసింది. 1942 ఫిబ్రవరి 19న జపాను విమానాలు కురిపించిన బాంబులకు ఇక్కడి తపాలా కార్యాలయం సైతం కూలిపోయింది. 1974 క్రిస్మస్ నాటి ట్రేసీ తుపాను ఊళ్ళోని ఇళ్ళలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. 1977 దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటితోపాటు ట్రంకుపెట్టెలోని ఉత్తరాలు, ఫొటోలు, దస్తావేజులు కూడా పోతాయి.

అయినా, ఈ ఊళ్ళో 1873లో మొదలైన 'నార్తర్న్ టెరిటరీ టైమ్స్' పాత సంచికలను నేడు ఎవరైనా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009లో ప్రారంభించిన 'ట్రోవ్'లో అవి ఉచితంగా లభిస్తాయి. కంప్యూటరు పొరపాటుగా గుర్తించిన అక్షరాలను పాఠకులే దిద్దుతున్నారు.

నన్ను అంతకన్నా ఆకట్టుకున్నది చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయంలో 2012లో మొదలైన ఆదివాసీ భాషల సజీవ భాండారం. 1970లలో ఇక్కడి ఆదివాసీ బడుల్లో ద్విభాషా బోధన మొదలైనప్పుడు పిల్లల కోసం ఎన్నో చిన్న పుస్తకాలు అచ్చయ్యాయి. తర్వాత చాలాచోట్ల ఆ బోధన ఆగిపోయి, పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. వాటిని వెతికి, రాసినవారి, వారి కుటుంబాల అనుమతి అడిగి, కంప్యూటరుకెక్కించారు. కథ ఎవరిదో వారి మాటకే పెద్దపీట!

మనవారూ ఈ రంగంలో వెనుకబడలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, భారత డిజిటల్ లైబ్రరీలోకి వేలాది తెలుగు గ్రంథాలు చేరాయి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడింది. అదృష్టవశాత్తు ప్రతులు 'ఇంటర్నెట్ ఆర్కైవ్'లోనూ ఉండబట్టి మనకు దక్కాయి. తాటాకుకు చెదలు ఎలాగో, వెబ్‌సైటుకు నిర్వహణ లోపం అలాగే. ఒక్కచోటే దాచిన ప్రతి దాచనట్టే లెక్క.

మరి ప్రవాసంలో మన చరిత్ర మాటేమిటి? నార్తర్న్ టెరిటరీలో 2004 నాటి చట్టం ప్రకారం, ఇక్కడ ప్రచురించినవాటి ప్రతులను ప్రభుత్వ గ్రంథాలయానికి అందజేయాలి. డిజిటల్ ప్రచురణలూ ఇందులోకి వస్తాయి. భాష ఏదైనా సరే! మన ఉగాది సంచికలు, నాటకాల కరపత్రాలు, ఇలాంటి సావనీర్లు ఇళ్ళలో అటకల మీద మగ్గకుండా అక్కడికి చేరాలి. ఒక ప్రతి ఇక్కడి గ్రంథాలయానికి, ఒకటి స్వదేశంలోని గ్రంథాలయానికి, ఒకటి డిజిటల్ రూపంలో. ప్రతి తెలుగు సంఘమూ ఈ చిన్న నియమం పెట్టుకుంటే, రేపు మన మనుమలు తమ తాతల అడుగుజాడలను వెతుక్కోగలుగుతారు.